సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఏసీ: ఏది కడగాలి, ఏది ముట్టుకోకూడదు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: విశాఖ లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు, సముద్రం వైపు బాల్కనీ, ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, కొని మూడేళ్లు. వేయగానే ముక్కిన వాసన వస్తోంది, అరగంటకి గోడ మీద నీటి చార దిగుతోంది, చల్లదనం మునుపటంత లేదు. వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందని, బయట ఉండే అవుట్‌డోర్ యూనిట్‌కి యాసిడ్ వాష్ కొట్టాలని అన్నాడు. చేయించాలా వద్దా అని అడిగారు.

గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం. యాసిడ్ మాత్రం ఇప్పుడూ వద్దు, ఎప్పుడూ వద్దు. వాసన, కారడం, చల్లదనం తగ్గడం మూడూ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది మురికిని. గ్యాస్ తగ్గితే వాసన రాదు. లోపల మురికి పేరుకుంటే మాత్రం ఈ మూడూ వస్తాయి.

ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఫిల్టర్లు తీసి కడిగి ఆరబెట్టి పెట్టండి. తలుపులు మూసి, ఫ్యాన్ వేగం హైలో పెట్టి, 18 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు నడపండి. మామూలు డిజిటల్ థర్మామీటర్‌తో ఏసీ పైన లోపలికి వెళ్లే గాలినీ, కింద బయటికి వచ్చే గాలినీ కొలవండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం పని చేస్తున్నట్టే. మన ఊరి ఉక్కపోతలో 8 వచ్చినా కంగారు పడక్కర్లేదు, ఎందుకంటే కాయిల్ (గాలిని చల్లబరిచే రాగి గొట్టాల జాలి) శక్తిలో పెద్ద భాగం గాలిలోని తేమను నీరు చేయడానికే పోతుంది. తేడా 12 దాటి, బయటికి వచ్చే గాలి మాత్రం నీరసంగా ఉంటే బ్లోయర్, అంటే గాలిని గదిలోకి తోసే లోపలి ఫ్యాన్, మూసుకుపోయింది. తేడా 5, 6 దగ్గరే ఆగిపోయి, ముందు మూత ఎత్తి చూస్తే కాయిల్‌లో ఒక మూల మాత్రమే తడిగానో మంచు పట్టో ఉండి మిగతాదంతా పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్‌ని అనుమానించండి. కాయిల్ మొత్తం సమానంగా మంచు కట్టిందంటే మాత్రం గాలి ఆడడం లేదని అర్థం. ఆ మంచు కరిగిన నీరు కాయిల్ కింది ట్రేలో పట్టక గోడ మీదికి వస్తుంది.

విశాఖలో ఒకటిన్నర టన్నుల ఏసీ ఎండాకాలం రాత్రి గంటకి లీటరు నుంచి రెండు లీటర్ల నీరు తీస్తుంది. ఆ నీరంతా కాయిల్ మీదుగా ట్రేలోకి జారి, వేలెడు లావు పైపు గుండా బయటికి పోవాలి. ఏసీ కట్టేశాక కాయిల్, బ్లోయర్, ట్రే చీకట్లో తడితో మిగిలిపోతాయి. అందులో ఒంటి నూనె, వంటింటి పొగ, దుమ్ము కలిస్తే బూజు, జిగురు పెరగడానికి ఇంకేం కావాలి? మీకు వస్తున్న వాసన అదే. అత్తరు స్ప్రేలు దాన్ని పోగొట్టవు, పైగా కొత్త జిగురు పొర వేస్తాయి.

ఫిల్టర్ గురించి అందరికీ తెలుసు, అయినా రెండు మాటలు. మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి తీయాలి. దుమ్ము పట్టిన వైపు కాకుండా వెనక వైపు నుంచి కుళాయి నీరు పట్టాలి, అప్పుడే దుమ్ము వచ్చిన దారినే పోతుంది. వేడినీళ్లు, ఎండ రెండూ ప్లాస్టిక్ చట్రాన్ని వంకర చేస్తాయి, కాబట్టి నీడలో ఆరబెట్టండి. పెద్ద జాలి మీద అతికించి ఉండే చిన్న కార్బన్ ముక్కల్ని కడగకూడదు, వాటికి కాలం చెల్లితే మార్చడమే.

అసలు దొంగ బ్లోయర్. గాలి బయటికి వచ్చే చోట ఆడే పలకలు, అదే లూవర్ల సందులోంచి మొబైల్ టార్చ్ వేసి చూడండి. పొడవాటి గుండ్రటి డ్రమ్ము, దాని చుట్టూ సన్నని వంపు రెక్కలు కనిపిస్తాయి. ఆ వంపులో బూడిదరంగు పొర రెండు మూడు మిల్లీమీటర్లు పేరుకున్నా రెక్క ఆకారం మారిపోతుంది, మోటారు అదే వేగంతో తిరిగినా గాలి సగానికి పడిపోవచ్చు. చాలామంది సర్వీసింగ్ అంటూ కాయిల్ మీద నీళ్లు కొట్టి వెళ్లిపోతారు, బ్లోయర్ జోలికి పోరు. రెండు వారాలకే వాసన తిరిగి రావడానికి కారణం అదే. సర్వీసింగ్ అయ్యాక మెకానిక్ వెళ్లకముందే టార్చ్ వేసి బ్లోయర్ రెక్కలు చూడండి. నల్ల మచ్చలు ఉంటే పని అవలేదు.

కాయిల్, బ్లోయర్ కడిగే తీరు ఇలా ఉండాలి. రిమోట్‌తో ఆపితే చాలదు, ఎమ్‌సీబీ (కరెంటు బోర్డులో ఏసీ లైనుకి ఉండే స్విచ్) దించాలి. ఇన్వర్టర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్లలో కరెంటు తీశాక కూడా కాసేపు 300 వోల్టులకి పైగా మిగిలి ఉంటుంది. కాబట్టి కనీసం పది నిమిషాలు ఆగాలి, అవుట్‌డోర్ మూత తీసే పనైతే ఇది మరీ ముఖ్యం. ఇండోర్‌లో సాధారణంగా కుడివైపు ఉండే బోర్డుని, స్వింగ్ మోటారుని పాలిథీన్‌తో చుట్టి టేపు వేయాలి. గోడకి సర్వీస్ కవర్ కట్టాలి. అంటే ఏసీ కింద గరాటులా వేలాడే ప్లాస్టిక్ సంచి, దాని కొసన పైపు, ఆ పైపు బకెట్లోకి. ఇది లేకుండా పని మొదలుపెడితే మంచం, గోడ రంగు మీద ఆశ వదులుకోవాలి.

కాయిల్ మీది పొడి దుమ్ముని ముందు మెత్తని పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందికి తీయాలి. కాయిల్ మీద వరుసగా ఉండే పల్చటి అల్యూమినియం రేకులు, అదే ఫిన్స్, సుమారు 0.1 మిల్లీమీటర్ మందం ఉంటాయి, అడ్డంగా రుద్దితే పడుకుంటాయి, గాలి దారి మూసుకుంటుంది. తర్వాత పది లీటర్ల నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చేతి పంపు స్ప్రేతో తడిపి, పది నిమిషాలు నాననిచ్చి, మంచి నీటితో కడగాలి. బజారులో దొరికే నురగ స్ప్రే వాడినా ఫరవాలేదు, కాకపోతే డబ్బా మీద "కడగనక్కర్లేదు" అని ఉన్నా కడగండి. మిగిలిన నురగ ఎండి జిగురై, దాని మీద దుమ్ము ఇంకా త్వరగా అంటుకుంటుంది. ఆ నురగ చాలా భాగం బ్లోయర్‌లోకే జారుతుంది కూడా.

బ్లోయర్‌కి నీరు ఎక్కువ కావాలి, తేలిగ్గా పది పదిహేను లీటర్లు. జెట్ కొట్టేటప్పుడు డ్రమ్ముని చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ, ఒక్కో రెక్క సందు నుంచి నల్లనీరు పోయి తెల్లనీరు వచ్చేదాకా కొట్టాలి. వదిలేసి కొడితే డ్రమ్ము గిర్రున తిరిగి మురికిని గది అంతా చిమ్ముతుంది, బేరింగ్‌కీ దెబ్బ. మొండిగా ఉంటే సీసాలు కడిగే బ్రష్ వాడవచ్చు, కానీ ఒక్క రెక్క ముక్క విరిగినా బ్యాలెన్స్ తప్పి ఏసీ మొత్తం అదురుతుంది. మూడేళ్లు ముట్టుకోని బ్లోయర్ అయితే దాన్ని ఊడదీసి కడగడమే మేలు. అది మీరు చేసే పని కాదు, కాయిల్ పక్కకి జరపాలి, రాగి గొట్టం మడత పడితే కొత్త ఖర్చు.

కడిగాక చేసే తప్పు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. కాయిల్‌కి అంటి రెండు చిన్న సెన్సర్లు ఉంటాయి. గది ఉష్ణోగ్రతది కాయిల్ ముందు క్లిప్పులో, కాయిల్‌ది రాగి గొట్టానికి అతికించిన చిన్న గూటిలో. హడావుడిలో వీటిని తిరిగి సరిగ్గా పెట్టకపోతే గది చల్లబడకముందే ఏసీ ఆగిపోతుంది, లేదా మంచు కట్టినా ఆగదు. "సర్వీసింగ్ చేయించాక పాడైంది" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. అన్నీ బిగించాక గంటసేపు ఊరికే వదిలి, అరగంట ఫ్యాన్ మోడ్‌లో ఆరబెట్టి, అప్పుడు కూలింగ్ వేయండి.

ఇక గోడ మీద నీటి చార. ట్రే ఒక చివర నుంచి లీటరు నీరు నెమ్మదిగా పోయించి, బయట పైపు కొస దగ్గర మనిషిని నిలబెట్టండి. కొద్ది క్షణాల్లో ధార రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే లోపల జెల్లీ లాంటి తెల్లటి జిగురు అడ్డుపడింది. తడి వ్యాక్యూమ్‌తో బయట కొస నుంచి పీల్చేస్తే పని రెండు నిమిషాలు. బయట కొస నుంచి లోపలికి ఊదితే ఆ చెత్త ట్రేలోకి తిరిగి వచ్చే ప్రమాదం ఉంది. బ్లీచింగ్, హార్పిక్ వంటివి పోయకండి, అవి రాగిని, అల్యూమినియాన్ని రెండింటినీ తినేస్తాయి. వెనిగర్ కూడా వద్దు, దాని కారణం కింద వస్తుంది.

పైపు శుభ్రంగా ఉన్నా కారుతుంటే దాని వాలు చూడండి. మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు వాలు కావాలి, మధ్యలో ఎక్కడా సాగి బొజ్జలా వేలాడకూడదు, కొస బకెట్ నీటిలో మునిగి ఉండకూడదు. మీలాంటి సముద్రం వైపు పై అంతస్తుల్లో ఇంకో తమాషా ఉంది. బలమైన గాలి నేరుగా పైపు కొసలోకి కొడితే నీరు లోపలే ఆగిపోతుంది, గుడగుడమని చప్పుడు కూడా వస్తుంది. కొసకి ఒక ఎల్బో వేసి నేల వైపు, గాలికి అడ్డుగా తిప్పితే తీరిపోతుంది. ఇండోర్ యూనిట్ పైపు వైపు వంగి ఉందా లేదా అనేది స్పిరిట్ లెవెల్ పెట్టి చూడాలి. చార రాగి పైపులు గోడలోకి వెళ్లే చోట మొదలైతే అది డ్రెయిన్ కాదు, పైపు మీది నల్ల స్పాంజి చిరిగి చెమట పడుతోంది. లూవర్ల మీద నీటి బొట్లు కడుతుంటే తలుపు తెరిచి ఏసీ నడుపుతున్నారేమో చూసుకోండి.

ఇప్పుడు అవుట్‌డోర్. ఈ ఊళ్లో ఏసీ ఆయుష్షు తేల్చేది ఇదే. గాలిలో వచ్చే ఉప్పు ఫిన్స్ మీద కూర్చుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దానంతట అదే నీటిని పీల్చి తడిగా మారుతుంది. మన దగ్గర రాత్రిళ్లు తేమ ఆ గీత తరచూ దాటుతుంది. అంటే ఏసీ నడపకపోయినా ఫిన్స్ రాత్రంతా ఉప్పునీటిలో నానుతున్నట్టే. రాగి గొట్టం, అల్యూమినియం ఫిన్ ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీటిలో ఉంటే బ్యాటరీలా పని చేస్తాయి, అందులో తరిగిపోయేది అల్యూమినియం. ఫిన్స్ మీద తెల్లటి పొడి కనిపించి, వేలు పెడితే రాలుతుంటే ఆ తరుగుదల అప్పటికే ముదిరిపోయింది. నీలం రంగు పూత ఉన్న ఫిన్స్ కొంతకాలం కాపాడుకుంటాయి, పూత గీసుకుపోనంత వరకే.

ఉప్పు నీటిలో కరుగుతుంది. దాన్ని పోగొట్టడానికి రసాయనం ఏదీ అక్కర్లేదు, మంచి నీళ్లు చాలు. అదే యాసిడ్ వాష్‌లో కాయిల్ తళతళలాడడానికి కారణం, మురికితో పాటు అల్యూమినియం పై పొర, దాని మీది పూత కూడా కరిగిపోవడం. ఆ రోజు చల్లదనం పెరిగినట్టు కనిపిస్తుంది, ఏడాది రెండేళ్లలో ఫిన్స్ రాలతాయి. కాస్టిక్ సోడా కలిపిన ద్రవాలూ అంతే, అల్యూమినియాన్ని అవి ఇంకా వేగంగా తింటాయి. చేయబోయే మనిషిని సీసా చూపించమనండి. పేరు లేని సీసా అయితే వద్దని చెప్పేయండి.

కడిగే పద్ధతి: ఎమ్‌సీబీ దించి, యూనిట్ చల్లారేదాకా అరగంట ఆగి, మొక్కలకి నీళ్లు పోసే పైపుతో, చేతికి తగిలినా నొప్పి పుట్టనంత ధారతో, ఫిన్స్‌కి నిటారుగా, పైనుంచి కిందికి పది పదిహేను లీటర్లు. పై మూత తీసి లోపల నుంచి బయటికి కొడితే ఇంకా మంచిది, అది మెకానిక్ వచ్చినప్పుడు చేయించండి. బండ్లు కడిగే ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ వంగిపోతాయి. కరెంటు డబ్బా ఉండే వైపు, గ్యాస్ వాల్వులు ఉండే వైపు నేరుగా నీరు కొట్టకండి. ఒక్క జాగ్రత్త: మీ అపార్ట్‌మెంట్ బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడగడం దండగ, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీరే వాడండి. అడుగున రేకుకి ఉండే చిల్లుల్లో ఆకులు, పావురాల ఈకలు ఇరుక్కుంటే నీరు నిలిచి తుప్పు మొదలవుతుంది, పుల్ల పెట్టి తీయండి.

ఎంత తరచుగా అనేది ఇల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రం కనిపించే బాల్కనీలకి నెలకోసారి. ఎంవీపీ కాలనీ లోపలి వీధుల్లో రెండు మూడు నెలలకోసారి చాలు. కొండకి అవతల మధురవాడ వైపు ఏడాదికి రెండు సార్లు. పోర్టు, మల్కాపురం, గాజువాక వైపు కథ వేరు. అక్కడ ఉప్పు కంటే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఎక్కువ, నూనె పొగతో కలిసి నల్లటి పొరలా అంటుకుంటుంది, ఉత్త నీటికి రాదు. గిన్నెల లిక్విడ్ కలిపిన నీటితో నానబెట్టి కడగాలి. డాబా మీద ఉన్న యూనిట్‌ని వానలే కొంత కడుగుతాయి. సన్‌షేడ్ కింద ఉన్న దానికి ఆ భాగ్యం లేదు, ఉప్పు అలాగే పేరుకుంటుంది. చలికాలంలో ప్లాస్టిక్ కవర్ చుట్టి దాచేవాళ్లు తడినీ ఉప్పునీ లోపలే బంధిస్తున్నారు. కప్పాలంటే పైన మాత్రమే కప్పండి, పక్కలు వదిలేయండి.

స్టాండు మాట మరిచిపోకండి. ఒకటిన్నర టన్నుల అవుట్‌డోర్ బరువు పాతిక నుంచి ముప్ఫై అయిదు కిలోల దాకా ఉంటుంది, మూడో అంతస్తు గోడకి వేలాడుతోంది. మామూలు ఇనుప యాంగిల్‌కి వెల్డింగ్ దగ్గర, బోల్టుల దగ్గర తుప్పు ముందు పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊరు చూసిన గాలి మళ్లీ వస్తే పాత స్టాండ్లు నిలబడవు. గాల్వనైజ్డ్ స్టాండు, స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించండి, ఏటా సెప్టెంబరులోపు బిగింపు చూడండి. తుఫాను హెచ్చరిక వస్తే ఎమ్‌సీబీ దించేయడం ఒక్కటే మీ పని. తుఫాను వెళ్లాక, కరెంటు నిలకడగా వచ్చాక, నడిపే ముందు మంచి నీటితో కడగండి, ఆ ఒక్క రోజు గాలిలో కొట్టుకొచ్చే ఉప్పు చాలా ఎక్కువ.

గ్యాస్ విషయానికి వద్దాం. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టకుండా ఏటా టాప్ అప్ చేయించుకోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ముందు రాగి పైపులు యూనిట్‌కి కలిసే చోట ఉండే ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక ఉందేమో చూడాలి. కనబడకపోతే పొడి నైట్రోజన్ నింపి, సబ్బు నీటితో వెతకాలి. ఆక్సిజన్ సిలిండర్‌తోనో, కంప్రెసర్‌తో గాలి ఎక్కించో పరీక్ష చేస్తామంటే అక్కడే ఆపేయండి, లోపలి నూనెతో కలిసి పేలుతుంది. కారే చోటు మూశాక వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి పీల్చి పీడనాన్ని 500 మైక్రాన్ల (శూన్యాన్ని కొలిచే లెక్క) లోపుకి దించి, అవుట్‌డోర్ పక్కన ప్లేటు మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూకం వేసి పట్టాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి గేజి ముల్లు చూసి "తక్కువుంది" అనడం ఊహే. తూకం మిషను లేని మనిషి చేత గ్యాస్ పట్టించకండి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్ కొద్దిగా మండే గుణం ఉన్నది, గ్యాస్ పూర్తిగా తీయకుండా గ్యాస్‌వెల్డింగ్ మంట దగ్గరికి రానీయకూడదు.

వెనిగర్ ఎందుకు వద్దన్నానంటే, తడి ఉన్న చోట ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి రాగి గొట్టంలో చీమల పుట్టలాంటి సన్నని సొరంగాలు తవ్వుతుంది. వెనిగర్‌లోనూ, కొన్ని ప్లైవుడ్ జిగుర్లలోనూ, కొన్ని క్లీనింగ్ ద్రవాల్లోనూ ఆ ఆవిరి ఉంటుంది. కొత్తగా కప్‌బోర్డులు చేయించిన గదుల్లో రెండు మూడేళ్లకే ఇండోర్ కాయిల్ కారడానికి ఇదొక కారణం. కంటికి కనిపించని చిల్లులు నాలుగైదు ఉంటాయి, ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది. అలాంటి కాయిల్‌కి వెల్డింగు చేయించే డబ్బు వృథా, కాయిల్ మార్చడమే దారి. వారంటీ కార్డులో కండెన్సర్ (అవుట్‌డోర్), ఇవాపరేటర్ (ఇండోర్) కాయిల్స్‌కి ఎన్నేళ్లో విడిగా రాసి ఉంటుంది, చూసుకోండి. కంప్రెసర్‌కి పదేళ్లని ఉంటే కాయిల్‌కీ అంతే అనుకుని మోసపోయేవాళ్లు ఎక్కువ.

కరెంటు వైపు పెద్దగా చెప్పడానికి లేదు. ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయా, అవుట్‌డోర్ టెర్మినల్స్ దగ్గర రాగి పచ్చబడిందా అని ఏడాదికోసారి చూడాలి. పచ్చబడిన కొస కత్తిరించి కొత్తగా బిగించాలి. అవుట్‌డోర్ డబ్బాలోకి వైరు వెళ్లే రంధ్రాన్ని సీల్ చేయించండి, బల్లి బోర్డు మీద పాకి షార్ట్ చేయడం మన ఇళ్లలో మామూలే.

మీ ఏసీకి ఇప్పుడు వరుస ఇదీ. మొదట డ్రెయిన్‌లో లీటరు నీరు పోసి చూడండి. తర్వాత బ్లోయర్ ఊడదీసి కడిగే మనిషిని పిలిపించి, అదే రోజు అవుట్‌డోర్ పై మూత తీయించి మంచి నీటితో కడిగించండి. మర్నాడు పైన చెప్పిన థర్మామీటర్ పరీక్ష మళ్లీ చేయండి. తేడా 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే గ్యాస్ మాట మరిచిపోండి. అంతకంటే తక్కువైతే అప్పుడు నైట్రోజన్, వ్యాక్యూమ్ పంపు, తూకం మిషను మూడూ ఉన్నవాళ్లని వెతకండి. ఇకమీదట రోజూ పొద్దున కట్టేసే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడపండి, లేదా రిమోట్‌లో ఆటో క్లీన్ బటన్ ఉంటే అది నొక్కండి. డ్రై మోడ్ దీనికి పనికిరాదు. అది గది తేమ తీసే మోడ్, కాయిల్‌ని ఇంకా తడుపుతుంది.